స్టెతస్కోపు బాగానే ఉంది సార్

మా సార్ పోయారు. ఆ పొద్దున ఓపీలో ఒక పిల్లవాడి వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింటుండగా ఫోన్ మోగింది. అవతల సార్ భార్య. ఆమెను మొదటినుంచీ అమ్మ అనే పిలుస్తాను. "సార్ పోయిండు బిడ్డా. చాయ్ తాగి కుర్చీల కూసున్నడు, గట్లనే పోయిండు," అంది. ఏడవలేదు. "జర జల్దిరా. ఇల్లంత మంది నిండిన్రు. ఎవరేం మాట్లాడుతున్నరో నాకు సమజైతలేదు," అని పెట్టేసింది.

పిల్లవాడికి మందు రాసిచ్చి, బయట కూర్చున్నవాళ్ళను రేపు రమ్మని చెప్పి, నిజామాబాదు నుంచి బోధన్ బయలుదేరాను. దారిపొడవునా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీదే. ఉన్నన్నాళ్ళూ ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు మరి.

సార్ అంటే బోధన్ బస్టాండు వెనక సందులో క్లినిక్ నడిపిన డాక్టరు గారు. ఊరందరికీ డాక్టర్ సాబ్. మాది పక్కనే ఎడపల్లి. మా బాపు చెరకు రైతు. జలుబొచ్చినా, జ్వరమొచ్చినా, చివరికి పొలం గట్టు తగాదా వచ్చినా డాక్టర్ సాబ్ మాటే ఆయనకు వేదం. నేను డాక్టరీ చదివి పట్టా పట్టుకుని ఇంటికి రాగానే, "ఇప్పుడు అసలు చదువు చదువు పో," అని తీసుకెళ్ళి సార్ ముందు నిలబెట్టాడు.

కొత్త స్టెతస్కోపు మెడలో వేసుకుని వెళ్ళాను. మా ఊళ్ళో అందరికీ కనబడాలిగా! సార్ నా ముఖం చూడలేదు, మెడ చూశారు.

"అది దండ కాదు బిడ్డా, తీయ్."

తీశాను.

"మెడ చెమట, జిడ్డు తాగి తాగి రబ్బరు కట్టె అయితది. పగులుతది. పగిలిన గొట్టంల గుండె ఎట్ల మాట్లాడుతది?"

ఆయన స్టెతస్కోపు బల్ల సొరుగులో ఉండేది. మడత పడకుండా, మీద ఏ బరువూ లేకుండా, తిన్నగా చాపి. ఎండాకాలం నాది కారులో వదిలేశానంటే ఆ రోజు నాకు అక్షింతలే. క్లినిక్ తలుపులు తీయకముందు దాన్ని తుడవడం ఆయనకు పూజ లాంటిది. పూజ అన్నానని తెలిస్తే నవ్వేవారు, ఆయన మెథడిస్టు చర్చికి వెళ్ళే మనిషి. ముందు చెవుల్లో పెట్టుకునే రబ్బరు మొనలు ఊడదీసేవారు. అగ్గిపుల్లకు దూది చుట్టి లోపలి మురికి తీసేవారు. "డాక్టర్ చెవిల గుబిలి, పేషెంటుకు గండం," అనేవారు. తరువాత ఛాతీకి ఆనించే బిళ్ళ చుట్టూ ఉన్న రింగు విప్పి, బిళ్ళకు రెండు వైపులా స్పిరిట్ దూది. గొట్టానికి మాత్రం తడిగుడ్డ, ఆ వెంటనే పొడిగుడ్డ. నీళ్ళలో ముంచితే ఊరుకునేవారు కాదు. అంతా బిగించాక బిళ్ళ మీద గోటితో మెల్లగా గీకి వినేవారు. అప్పుడు చాయ్.

ఒకసారి ముప్కాల్ దిక్కు నుంచి ఒక పసుపు రైతు దగ్గుతో వచ్చాడు. పసుపు ఉడకబెట్టే రోజులు, మనిషి ఒళ్ళంతా పసుపే. అతను వెళ్ళిపోయిన తరువాత చూస్తే బిళ్ళ కూడా పచ్చగా ఉంది. నేను తెలివిగా సబ్బునీళ్ళ గుడ్డ పెట్టి రుద్దాను. ఎర్రగా అయింది! నెత్తురని హడలి చచ్చి, "సార్, ఆయనకు ఎక్కడో గాయం ఉంది," అని కేక పెట్టాను. సార్ పరుగున వచ్చి చూసి కుర్చీలో కూలబడి నవ్వారు.

"ఎడపల్లి పిల్లవు, పసుపు బట్టకు సబ్బు పెడితే ఏమైతదో ఎరకలేదా? మీ అవ్వ నీకు ఏం నేర్పింది? పసుపుకు స్పిరిట్ పెట్టాలె."

ఆ మాట చాలా రోజులు నన్ను ఏడిపించడానికి వాడుకున్నారు. నాకు కోపమొస్తే, "సబ్బు తగిలింది, ఎర్రగయింది," అనేవారు.

ఇంకో అలవాటుండేది. అది నాకు అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. రోగి ఎదురుగా కూర్చున్నాక, అతను చూస్తుండగా బిళ్ళ తుడిచేవారు. తుడిచి, అరచేతిలో పట్టుకుని వెచ్చబెట్టి, అప్పుడు ఛాతీ మీద పెట్టేవారు. చూడటం అయ్యాక మాత్రం అతను గుమ్మం దాటేదాకా దూది ముట్టుకునేవారు కాదు. నేను ఒకసారి, ఒళ్ళంతా తామర ఉన్న మనిషిని చూసి, అతను చొక్కా వేసుకుంటుండగానే స్పిరిట్ దూది అందుకున్నాను. సార్ నా చేయి పట్టి ఆపారు. అతను వెళ్ళాక చెప్పారు.

"మా నాయిన డిచ్‌పల్లిల కుష్ఠు రోగులకు కట్లు కట్టేటోడు. ముట్టుకునే ముందు చేతులు కడుగుతుండె. ముట్టుకున్నంక వాళ్ళ ముంగట కడగకపోతుండె. ముందుగాల కడిగితే వాళ్ళ మీద ఇజ్జత్ ఉన్నట్టు బిడ్డా. వాళ్ళ ముంగట ఎనుక కడిగితే, నువ్వు గలీజోనివని చెప్పినట్టు."

నా దగ్గర పనిచేసే పిల్లలకు ఇప్పుడు నేనూ ఇదే చెప్తున్నాను. వాళ్ళు తల ఊపుతారు, చేస్తారో లేదో దేవుడికెరుక.

ఇక చెప్పాల్సింది చెప్పక తప్పదు. ఇంతసేపూ దాని చుట్టూనే తిరుగుతున్నాను.

కొన్నాళ్ళకు సార్ తన స్టెతస్కోపును తిట్టడం మొదలుపెట్టారు. "మూసుకపోయింది. ఏం ఇనవస్తలేదు." విప్పేవారు, తుడిచేవారు, బిగించేవారు, మళ్ళీ విప్పేవారు. కొత్త బిళ్ళ తెప్పించారు. గొట్టం మార్పించారు. హైదరాబాదు నుంచి ఏకంగా కొత్తదే తెప్పించి, వారం తిరక్కుండానే, "ఇప్పటి మాలు అంత గింతే, పైన పటారం," అని పక్కన పడేశారు. పొద్దున తుడిచే పనికి మధ్యాహ్నం కూడా చేరింది. రోగుల మీద, "గట్టిగ గాలి తీస్కో, ఇంక గట్టిగ," అని కేకలు వేసేవారు. పాపం, ఊపిరాడకనే కదా వాళ్ళొచ్చింది! ఇంట్లో టీవీ శబ్దం సందు చివరికి వినబడేది. అమ్మ నవ్వి ఊరుకునేది. కాంపౌండర్ అన్న ఆయనతో సైగలతో మాట్లాడటం నేర్చుకున్నాడు. నేను కూడా ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేలా మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. మాకందరికీ తెలుసు. ఆయనకొక్కరికే తెలియదు. స్టెతస్కోపు కాపాడటంలో ఆయనను మించినవాడు లేడు కాబట్టి, చప్పుడు రాకపోతే తప్పు స్టెతస్కోపుదేనని ఆయన నమ్మకం. చెవి సంగతి ఆయన బుర్రకు తట్టలేదు.

ఆ రోజు ఎడపల్లి నుంచే ఒక గర్భిణి వచ్చింది. చిన్నపిల్ల, మొదటి కాన్పు. నాలుగు అడుగులేస్తే ఆయాసం. పడుకుంటే ఊపిరాడదట, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోందట. సార్ చాలాసేపు విన్నారు. "నెత్తురు తక్కువున్నది. టానిక్ రాస్త," అన్నారు. రాయబోయి, ఆగి, స్టెతస్కోపు నా చేతికిచ్చారు. "మళ్ళ మూసుకపోయింది ఇది. జర తుడిచి ఇయ్యి బిడ్డా."

తుడిచాను. నా గుండె మీద పెట్టుకుని విన్నాను. టకటకమని శుభ్రంగా వినిపించింది. ఆ పిల్ల ఛాతీ మీద పెట్టాను. గుండె లోపలి కవాటం తలుపులా బిగుసుకుపోయిన చప్పుడు, దూరంగా ఎవరో ఇసుర్రాయి తిప్పుతున్నట్టు, స్పష్టంగా ఉంది. ఆ చప్పుడును గుర్తుపట్టడం నాకు నేర్పింది ఆయనే.

"వస్తున్నదా?" అని అడిగారు సార్.

టానిక్ సీసాతో ఆ పిల్లను ఇంటికి పంపలేను. చెవి సంగతి ఆయన ముందు ఎలా అనడం? చివరికి అన్నాను: "స్టెతస్కోపు బాగానే ఉంది సార్."

"ఏంది?"

వినబడలేదు. నేను నెమ్మదిగా, ఆయనకొక్కరికే చేరేలా అన్నాను కదా, అందుకే వినబడలేదు. అందుకని రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "స్టెతస్కోపు మంచిగనే ఉంది సార్! నాకు వినబడుతున్నది!" బయట బెంచీ మీద మాటలన్నీ ఆగిపోయాయి.

సార్ నన్ను చూశారు. స్టెతస్కోపును చూశారు. చూపుడువేలు ఒక చెవిలో పెట్టుకుని, తీసి, రెండో చెవిలో పెట్టుకున్నారు. ఆ తరువాత చాలా మామూలుగా, "మరి ఆ పిల్లకేమున్నది?" అని అడిగారు. కాగితం మీద రాసి చూపించాను. సగం రాసిన టానిక్ చీటీ చింపేసి, నిజామాబాదు పెద్దాసుపత్రికి ఉత్తరం తనే రాశారు. కారు మాట్లాడి పంపించారు. తరువాతి మనిషి లోపలికి వస్తే, లేచి తన కుర్చీ నాకు చూపించి, "డాక్టరమ్మ చూస్తది," అని బయటికి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

నేను బతిమాలాను. చెవి మిషన్ పెట్టించాం, నాలుగు రోజులకే తీసేశారు. చప్పుడు పెద్దది చేసే కరెంటు స్టెతస్కోపు తెప్పించి ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి, "మైకు పెట్టి వినేదానికి గుండె ఏమన్న బతుకమ్మ పాటనా?" అని డబ్బాలో పెట్టేశారు. "విననోడు ముట్టొద్దు బిడ్డా," అన్నారు. రోగులను చూస్తేనే ఆయన మనిషి. చూడటం మానేశాక, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని వరండాలో కూర్చునే ఒక పెద్దమనిషి అయిపోయారు. తరువాత నా పెళ్ళయి నిజామాబాదు వచ్చేశాను. క్లినిక్ మూతపడింది.

నేను చెప్పింది నిజం. ఇప్పుడు అదే పిల్ల అలాగే వచ్చినా అదే చెప్తాను. తప్పు చేశానని నేను ఒప్పుకోను. అయినా ఆ రెండోసారి చెప్పిన మాట, ఆ గట్టి గొంతు, నా చెవుల్లోంచి పోలేదు. ఆయనకు వినబడిన నా మాటల్లో అదే ఆఖరిదేమో అని ఏడుస్తుంటాను.

సార్ పోయిన రోజు నేను బోధన్ చేరేసరికి సందంతా జనం. చర్చివాళ్ళు పాట పాడుతున్నారు. ఎడపల్లి పిల్ల కూడా వచ్చింది. ఇప్పుడు పిల్ల కాదు, పక్కన బడికి పోయే కూతురు. శవపేటిక దగ్గర కూతురి తల వంచి దండం పెట్టించి, "గీ సారే మనల్ని బతికిచ్చిండు. గొట్టం పెట్టంగనే పట్టిండు నా బీమారి," అని చెప్తోంది. నేను పక్కనే నిలబడి, "అవును," అన్నాను.

సాయంత్రం సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి అడిగింది. "మొన్న నువ్వొచ్చినప్పుడు సార్‌ను సూసినవ్ గదా. ఏమన్న తేడా ఉండెనా బిడ్డా?" ఆమె చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి బయటికి వచ్చాను. జ్ఞాపకార్థ కూడిక అయిపోయాక, ఆమె పక్కన కూర్చుని చెప్పాను. ఆమె రాయమంటేనే ఇక్కడ రాస్తున్నాను.

మొన్నటి చెరకు కోతలప్పుడు ఎడపల్లి వెళ్తూ వాళ్ళింట్లో ఆగాను. అమ్మ నాకోసం సర్వపిండి చేస్తానని వంటింట్లోకి వెళ్ళింది. సార్ మెల్లగా లేచి, మూలనున్న చెక్క స్టూలు లాక్కుని నా ముందు కూర్చున్నారు. రోగి కూర్చున్నట్టు. చొక్కా గుండీలు విప్పారు. "విను," అన్నారు.

విన్నాను. కుడివైపు, ఎడమవైపు, మెడ దగ్గర. గుండె చప్పుడు రంపంతో ఎండుకట్టె కోస్తున్నట్టు గరగరమని ఉంది. ఎంతకాలంగా ఉందో మరి. తల ఎత్తాను. హైదరాబాద్ పోదామని పెదవులు కదిపి, చేత్తో సైగ చేశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. గొంతు పెంచి చెప్పడానికి నోరు తెరిచాను.

సార్ చెయ్యెత్తారు.

"ఈసారి చెప్పకు బిడ్డా. నీ మొఖం చూసిన, చాలు. నాకు వినవడాలంటే నువ్వు గట్టిగ చెప్పాలె. అమ్మ లోపల ఉన్నది, వింటది."

స్టెతస్కోపు మడత పడకుండా సంచిలో పెట్టుకున్నాను. ఆయన నింపాదిగా గుండీలు పెట్టుకున్నారు. ఇంతలో బయట సందు మలుపులో చెరకు ట్రాక్టరు వచ్చింది. ఒకదాని వెనక ఒకటి రెండు ట్రాలీలు, డ్రైవరు పెట్టిన పాటకు ఇల్లంతా దద్దరిల్లిపోతోంది, అలమారలో గ్లాసులు గలగలలాడుతున్నాయి. సార్ కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు, తిరగలేదు. కాసేపటికి పక్కనున్న గోడ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, అడిగారు.

"చెరుకు బండేనా?"

నేను ఆయన చేతి పక్కన నా చెయ్యి కూడా ఆనించాను. గోడ సన్నగా వణుకుతోంది.