ఇలిష్ చేపల మధ్య పాత వారపత్రికలు

2021 వానాకాలం. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో నా బైండింగ్ కొట్టు. హిజ్లీ హాస్టల్ పిల్లల థీసిస్‌లకు అట్టలు వేయడం తిండికి. పాత కాగితాల మరమ్మతు ఇష్టానికి. ఆ వారం ఎంత వాన పడిందంటే, నిమ్‌పురా రైల్వే యార్డులో ఇంజన్లకు తెడ్లు బిగించారని ఊరంతా చెప్పుకున్నారు. మొదట చెప్పింది నేనే అనుకోండి.

నిమ్‌పురా క్వార్టర్స్ నుంచి రవణమ్మ పిన్ని టోటో రిక్షాలో వచ్చి దిగింది. ఒళ్లో తడిసిన తెలుగు వారపత్రికల కట్టలు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన భర్త పోయి ఏడాది. ఆయన దాచుకున్న పత్రికల మీద ఇంటి కప్పు కారింది. కొన్నిటిని ఆడపడుచు ఆరతాయని ఇస్త్రీ చేసి అప్పడాలుగా మార్చింది.

"సీరియల్ పేజీలు ముందు విడదీస్తాను పిన్నీ," అంటూ కెటిల్ పొయ్యి మీద పెట్టబోయాను. అతుక్కున్న పేజీలకు కాస్త ఆవిరి పట్టడం మా పద్ధతి.

"సీరియలు ఎవులికి కావాలిరా? ఆ గళ్ల పజిలు సూడు."

పొడిగా మిగిలిన ఒక సంచిక తెరిచింది. గళ్లలో రెండు చేతిరాతలు. వర్క్‌షాపులో వాడే కాపీయింగ్ పెన్సిల్‌తో రాసినవి. అది పొడిగా ఉన్నంతసేపూ మామూలు పెన్సిలే. తడి తగిలిందా, ఊదా సిరాగా మారి పారిపోతుంది.

"డ్యూటీ నుంచొచ్చి ఆయన అడ్డం, నాను నిలువు. ఆ రాత పోతే నాకేటి మిగుల్తాది?"

కెటిల్ దించేశాను. తడి ఇంకా అంచుల్లోనే ఉంది, కానీ లోపలికి పాకుతోంది. ఒకటి ఆరబెట్టేలోపు మిగతావి పాడవుతాయి. అలాంటప్పుడు దారి ఫ్రీజింగ్: నీరు గడ్డకడితే ఎక్కడిది అక్కడే ఆగుతుంది. నాకు ఫ్రిజ్ లేదు. పక్కన చేపలమ్మే తపన్‌దాకు పెద్ద ఫ్రీజర్ ఉంది, నిండా ఇలిష్, అంటే మన పులస.

"ఇలిష్ తీసి పేపర్ పెడతావా? పాగల్ హో క్యా?"

"ఇదీ ఇలిషే దాదా. ముళ్లు తీయడానికి కాస్త టైమ్ కావాలి."

నవ్వి ఒక మూల ఖాళీ చేశాడు. పత్రికలను విడివిడిగా ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి పెట్టాం. ఎవరైనా పొరపాటున కొనుక్కుపోతారని పిన్ని సాయంత్రం దాకా ఆ ఫ్రీజర్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది.

తర్వాత ఒక్కొక్క సంచికే బయటికి తీశాను. అంచు కరుగుతున్నకొద్దీ నీరు పీల్చే బ్లాటింగ్ పేపర్ అద్దుతూ, మారుస్తూ, ఫ్యాన్ గాలికి ఆరబెట్టాను. మొదటి పజిల్ పేజీ తెరిచేటప్పుడు పిన్ని కళ్లు మూసుకుంది. నాకూ మూసుకోవాలనే ఉంది, కానీ పని నాది.

ఊదా చుక్క ఒక్కటీ లేదు.

"చూడు పిన్నీ. అడ్డం అడ్డంగానే ఉంది, నిలువు నిలువుగానే ఉంది."

ఆమె వదిలిన ఊపిరికి బల్ల మీది బ్లాటింగ్ పేపర్లు లేచాయి. ఇస్త్రీ తిన్నవి తప్ప అన్నీ దక్కాయి.

కట్ట అందుకుని వాసన చూసింది. "సేపల కంపు కొడతన్నాయిరా."

"ఉప్పు రాసి ఎండబెట్టమంటావా?"

"నోరుముయ్యి. మీ సిన్నాన్నకి ఇలిషంటే పేణం. ఉండనీ."

అప్పటినుంచి ఎవరు కట్ట తెచ్చినా, ఏ పేజీ దక్కాలో ముందు అడుగుతాను. కెటిల్ ముట్టుకునేది ఆ తర్వాతే. అదీ ఎక్కువగా టీకే.