ఒంటె లేచింది, తమ్ముడు లేవలేదు

నా చిన్నప్పుడు మేం అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్లం. అమ్మా నాన్నా ఆఫీసులకి వెళితే, నన్నూ నాలుగేళ్ల తమ్ముణ్ణీ పక్కింటి ఆంటీ చూసుకునేవారు. ఆవిడది వాళ్లాయన, అంటే అంకుల్, ఉద్యోగం మీద వచ్చిన డిపెండెంట్ వీసా, డబ్బు తీసుకుని పని చేయకూడదు. అందుకే ఎవరడిగినా ఆవిడ మా పెద్దమ్మ అని చెప్పాలని మాకు చిలకపాఠంలా నేర్పారు.

ఒకరోజు లైబ్రరీ నుంచి తెచ్చిన టేపులో పాతకాలం కార్టూన్ చూశాం. అప్పట్లో సినిమా హాళ్లలో అసలు సినిమాకి ముందు వేసేవారట. ఓ తిక్క ఒంటె మొదటిసారి తెరమీదికొచ్చింది అందులోనే. పెనంతో నెత్తిన కొడితే దానికి బొప్పి కట్టేది, మరుక్షణం పళ్లికిలిస్తూ లేచేది. మేం పడీపడీ నవ్వాం. ఆంటీ స్నానానికి వెళ్లగానే తమ్ముణ్ణి ఒంటెని చేసి, నేను అప్పడాల కర్ర అందుకున్నాను. వాడు నవ్వుతూనే తల వంచాడు. నా బుద్ధి గడ్డి తింది, అంతకంటే ఏం చెప్పను?

వాడు లేవలేదు. రక్తం చూసి ఆంటీ అని గట్టిగా అరిచాను. ఆంటీ తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చారు. అంబులెన్స్‌ని పిలిస్తే ఆరా తీస్తారనీ, అంకుల్ వీసాకే ఎసరు రావచ్చనీ ఆవిడకు తెలుసు. అయినా ఫోన్ అందుకోవడానికి క్షణం ఆగలేదు.

ఆసుపత్రిలో వాడు కళ్లు తెరిచాడు గానీ మగతగానే ఉన్నాడు. మీరెవరని నర్సు ఆంటీని అడిగింది. నేను గబుక్కున పెద్దమ్మ అన్నాను. తమ్ముడు సోఫా మీంచి పడ్డాడని కూడా కలిపాను. ఆంటీ నన్ను దగ్గరికి తీసుకుని, తెలుగులో మెల్లగా అన్నారు.

"దెబ్బ ఎలా తగిలిందో తెలీకపోతే డాక్టర్ ఎలా ట్రీట్ చేస్తాడమ్మా? ముందు నా నిజం నేను చెప్తా. తర్వాత నీది నువ్వు చెప్పు."

తాను బంధువు కాదనీ, డబ్బు తీసుకుని పిల్లల్ని చూస్తున్నాననీ నర్సుకి చెప్పేశారు. అప్పుడు నావైపు చూశారు, కోపంగా కాదు. కొట్టింది నేనేనని ఏడుస్తూ చెప్పాను.

తలకు స్కాన్ తీశారు, నాలుగు కుట్లు వేశారు, దేవుడి దయవల్ల వాడు గండం గట్టెక్కాడు. ఆంటీని ఎవరూ ఏమీ అనలేదు. కానీ వీసా భయంతోనే ఆవిడ పిల్లల్ని చూడడం మానేశారు, కొన్నాళ్లకి వాళ్లు వేరే ఊరు వెళ్లిపోయారు. ఆవిడకు క్షమాపణైనా చెప్పుకోలేదన్న బాధ నాకు ఈనాటికీ ఉంది.

ఇప్పుడు నా పిల్లలు తప్పు చేసి తలొంచుకుని నిలబడితే, నిజం చెప్పమని గద్దించడానికి నాకు నోరు రాదు. ముందు నా తప్పొకటి వాళ్లకు చెబుతాను. చెప్పి, ఆగుతాను.