బిచ్చమ్మ మనవరాలి పేరు

లింగంపల్లి స్టేషన్ వెనుక కాలనీలో కిరాయికుండే బిచ్చమ్మ హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఊడ్చి తుడిచే పని చేసేది. యాభై ఏళ్ల మనిషి. నడక చురుకు, నోరు ఇంకా చురుకు. పేరు దగ్గరే ఆమెకు ఇబ్బంది. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోతే, వాళ్లమ్మ ఈ బిడ్డ కోసం కొంగు పట్టి ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుక్కొచ్చి, బిచ్చమ్మ అని పిలుచుకుంది. భిక్షగా దొరికిన బిడ్డ అంటే చావు వదిలేసి పోతుందని నమ్మకం.

కంపెనీ కార్డు మీద మాత్రం సూపర్‌వైజర్‌ను బతిమాలి ‘బి. అమ్మ’ అని రాయించుకుంది. అక్కడి పిల్లలు "బీయమ్మా, జర కాఫీ మెషిన్ దగ్గర ఒలికింది" అంటే, మరకను తిట్టుకున్నా పిలుపుకు మురిసిపోయేది.

రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మె మొదలైన వారానికి, ఆమె కూతురు శ్రీలతకు నొప్పులొచ్చాయి. బస్సుల్లేవు. అల్లుడు స్వామి క్యాబ్ డ్రైవరు. తన బండిలోనే దవాఖానకు బయల్దేరాడు. రెండు చోట్ల రాస్తారోకో వాళ్లు ఆపారు. లోపల శ్రీలతను చూడగానే వాళ్లే ముందు పరుగెత్తి జనాన్ని పక్కకు జరిపారు. "ఆడపిల్లయితే తెలంగాణ అని పెట్టన్నా!" అని ఒకడు అరిచాడు.

ఆడపిల్లే పుట్టింది.

ఇరవై ఒకటో రోజు దగ్గర పడుతుంటే స్వామి పేర్ల పుస్తకం కొనుక్కొచ్చాడు. శ్రీలత దాన్ని తెరవలేదు.

"అమ్మా, దీనికి నీ పేరే పెడ్త."

బిచ్చమ్మ చేతిలో గంజి గిన్నె పక్కన పెట్టింది. "నీకేమన్న పిచ్చి లేసిందా? బడిల అందరు ‘ఓ బిచ్చం, అవతలికి పో’ అంటుంటే మూడో తరగతిలనే బడి బంజేసిన. గా పాపం దీనికెందుకే?"

"ముందు ఇద్దరికి సక్కటి పేర్లే అనుకున్న గదనే. పెద్దదానికి హర్షిణి అన్న, ఆరు దినాలున్నది. రెండోదానికి పేరు పెట్టేదాంక గూడ ఆగలే." శ్రీలత బిడ్డను దగ్గరికి లాక్కుంది. "నువ్వయితే బతికినవ్."

బిచ్చమ్మ బయటికెళ్లి, ఉతికిన బట్టలనే మళ్లీ ఉతికింది.

ఆ రోజు రానే వచ్చింది. తల్లీకూతుళ్లు కొంగు పట్టి బయల్దేరారు. నాలుగిళ్లు సులువుగానే అయ్యాయి. ఐదోది కాకినాడ నుంచి వచ్చిన సుబ్బమ్మది. ఆమె భర్త రామాంజనేయులుకూ స్వామికీ రాష్ట్రం సంగతి మీద మాటామాటా పెరిగి, నెల రోజులుగా రెండిళ్ల మధ్య పలకరింపుల్లేవు. శ్రీలత ఆగిపోయింది. బిచ్చమ్మే వెళ్లి తలుపు కొట్టి సంగతి చెప్పింది.

"అయ్యో, దానికింత సంకోచమెందుకండీ!" అంది సుబ్బమ్మ. "మా మేనత్తని చెత్తకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటమ్మని పెట్టారండి. ఎనభై నాలుగేళ్లు బతికి మా అందర్నీ సతాయించింది."

ముగ్గురూ అక్కడే నిలబడి నవ్వేశారు. లోపలి నుంచి రామాంజనేయులు గొంతు వినిపించింది: "ఒసేయ్, దోసిలి నిండా పొయ్యి!"

ఆ బియ్యం వండి శ్రీలతకు పెట్టారు. బిచ్చమ్మ మనవరాలి చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు చెప్పింది.

సమ్మె ముగిశాక పిల్ల బర్త్ సర్టిఫికెట్ కోసం వెళ్తే గుమస్తా కలం ఆపి, "ఈ కాలంల గీ పేరేందమ్మా? పిల్ల పెద్దయినంక మిమ్మల్ని తిడ్తది" అన్నాడు.

"తిట్టేంత పెద్దగయితే గదే సాలు సారూ, రాయి" అంది బిచ్చమ్మ.

పిల్లకు మూడేళ్లు రాకముందే రాష్ట్రం వచ్చింది. ఆ సాయంత్రం గల్లీ అంతా రంగులు, డప్పులు. సుబ్బమ్మ గేటు దగ్గర నిలబడి "బిచ్చమ్మా!" అని కేకేస్తే, గులాలు పూసుకున్న రెండు మొహాలు ఒకేసారి తిరిగి, "ఆఁ" అన్నాయి.