కొరియా అత్త, కొండాపూర్ బోణీ

కొండాపూర్‌లో సీతాబాయి పిండి దుకాణం ఎక్కడని అడిగితే, "సాయంత్రం ఆరింటికి ఒకామె టీవీని తిడుతూ ఉంటుంది చూడండి, అదే" అని చెప్తారు. అబద్ధమేమీ కాదు. చేతులు కవర్లో ఇడ్లీ పిండి పోస్తుంటాయి, కళ్ళు గోడకున్న టీవీ మీద ఉంటాయి, నోరు మాత్రం కొరియా దేశపు అత్తగారిని దులిపేస్తూ ఉంటుంది. డబ్బింగులో తెలుగు దంచి మాట్లాడే ఆ ముసలమ్మకు ఇవేవీ వినబడవు కాబట్టి బతికిపోయింది.

ఈ పిచ్చి అంటించింది శ్రావణి. కర్నూలు పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎదురు బిల్డింగులో ఇంకో ఇద్దరితో కలిసి కిరాయికి ఉంటుంది. ఒకరోజు పిండి కోసమని వచ్చి, "ఈ కొరియా సీరియల్ చూడు ఆంటీ, అచ్చం మన ఇళ్ళే" అని టీవీలో పెట్టిచ్చి పోయింది. కథ ఏమిటంటే, సముద్రం ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్ళో మూడు తరాల భోజన హోటల్. పక్కనే పెద్ద హోటలొకటి వచ్చి కూర్చునేసరికి వీళ్ళ గిరాకీ పడిపోయింది. ఆ ఇంటి ముసలమ్మ పెరట్లో జాడీల నిండా సోయా గింజల రసం ఊరబెడుతుంది. వంటల రుచంతా ఆ రసంలోనే. ఆ జాడీల మూత మాత్రం కోడలిని ముట్టనివ్వదు. ఎప్పుడో కోడలు మూత తీసిన ఏడు రసం పాడైందట, అదీ కారణం!

ఆ కొరియా పేర్లకు నోరు తిరగక సీతాబాయి ముసలమ్మకు జాడీలమ్మ అనీ, కోడలికి సన్నపిల్ల అనీ నామకరణం చేసింది. వారం తిరక్కుండానే పిండికొచ్చే వాళ్ళందరూ అవే పేర్లతో పిలవడం మొదలుపెట్టారు.

"గా జాడీలమ్మకు దిమాక్ ఖరాబైంది!" అనేది సీతాబాయి గరిటె ఊపుతూ. "వానకు పాడైందో, ఎండకు పాడైందో! పిల్ల చెయ్యి ఏం జేసిందే నీకు?"

"అట్లంటే ఎట్లమ్మా?" అనేవాడు సుబ్బరాయుడు. కడప నుంచి వచ్చి ఇక్కడ ప్లాట్ల వ్యాపారం చేసే పెద్దమనిషి. పెసరట్టు పిండి వంకతో వచ్చి స్టూలెక్కాడంటే ఎపిసోడ్ అయ్యేదాకా దిగడు. "పెద్దామెకు అనుభవం ఉంటాది. ఊరికే అంటాదా?"

"మీరు ఊకోండ్రి సారూ. అనుభవం గాదు, పొగరు!"

శ్రావణి చప్పట్లు కొట్టేది. వెనక గదిలో మినప్పప్పు కడుగుతున్న లావణ్య చేతులు మాత్రం ఆ మాటకు ఒక్క క్షణం ఆగేవి. లావణ్య సీతాబాయి కోడలు.

గురివింద గింజకు తన నలుపు తెలియదని ఊరికే అనలేదు పెద్దలు. ఎందుకంటే సీతాబాయి దుకాణంలోనూ ఒక జాడీ మూత ఉంది. దాని పేరు బోణీ.

పొద్దున ఆరింటికి షట్టరెత్తి, దేవుడి పటానికి అగరొత్తి తిప్పి, మొదటి గిరాకీకి సీతాబాయి తన చేత్తోనే పిండి పోస్తుంది. ఆ రోజు దుకాణం ఎలా నడుస్తుందనేది ఆ మొదటి గరిటెలోనే ఉందని ఆమె నమ్మకం. ఇప్పుడంతా ఫోన్లలో కొట్టేవాళ్ళే కాబట్టి, పైసలు పడ్డాయని గల్లా మీది స్పీకరు డబ్బా అరవగానే ఆ డబ్బాకే దండం పెట్టి కళ్ళకద్దుకుంటుంది. చూసి నవ్వేవాళ్ళు నవ్వుతారు, ఆమెకేం ఫికరు లేదు.

పెళ్ళైన కొత్తలో లావణ్య ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు బోణీ చేసింది. అరగంట తిరక్కుండా గ్రైండరు మోటారు పొగ కక్కి కాలిపోయింది. అది పదకొండేళ్ళ మోటారని, కాలక ఏం చేస్తుందని మెకానిక్ మొత్తుకున్నాడు. సీతాబాయి కోడలిని పల్లెత్తు మాట అనలేదు. కాకపోతే మర్నాటి నుంచి షట్టరు దగ్గరికి కోడలికంటే ముందు చేరడం మొదలుపెట్టింది. అలా మూడేళ్ళు గడిచిపోయాయి.

ఈ మధ్య దుకాణం దుకాణంలా లేదు. ఫోన్లో నొక్కితే పది నిమిషాల్లో పిండి ప్యాకెట్టు గుమ్మంలోకి వస్తోంది. జొన్న దోశ పిండి చేద్దామని, ఒంటరిగా ఉండే పిల్లలకు చిన్న డబ్బాల్లో ఇద్దామని లావణ్య రెండు మూడుసార్లు అడిగి చూసింది. "మా అత్త చెయ్యలే, నేను చెయ్య" అని సీతాబాయి ఆ మాట అక్కడే తుంచేసింది. పైగా ఆమె కుడి మణికట్టుకు నొప్పి పట్టుకుంది. దవాఖానలో పట్టీ కట్టి బరువులు ఎత్తొద్దన్నారు. తొట్లు ఎత్తడం, దించడం అంతా లావణ్యే.

ఆ లావణ్యకు నార్సింగిలో ఒక దవాఖాన రిసెప్షన్‌లో ఉద్యోగం దొరికింది. ఒకటో తారీఖున చేరాలి. కొడుకు ఓంకార్ ఐటీ కంపెనీల క్యాబ్ నడుపుతాడు, వాడొచ్చి ఈ సంగతి చెప్పి, "ఇగ దుకాణం బంద్ చేద్దామే అమ్మా" అన్నాడు. "పోతే పోనీ" అంది సీతాబాయి. అంది గానీ, ఆ రోజు అన్నం సయించలేదు. నలభై ఏళ్ళ దుకాణం అది. కొండాపూర్ అంతా బండలూ జొన్న చేలూ ఉన్నప్పుడు ఆమె అత్త రోట్లో రుబ్బి పెళ్ళిళ్ళకు పిండి పంపేది.

ఒకటో తారీఖు ఇంక నాలుగు రోజులుందనగా సీరియల్ ఆఖరుకొచ్చింది. సన్నపిల్ల పెట్టె సర్దుకుని బస్సు స్టాండుకు నడుస్తోంది. జాడీలమ్మ కిటికీలోంచి చూస్తోంది. సీతాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పోతది! పోక ఏం జేస్తది? మూత తియ్యనియ్యవైతివి, గిప్పుడు కిటికీల కెళ్ళి చూస్తే ఏమొస్తది? అరే, ఎవ్వరన్న చెప్పుర్రి గా ముసల్దానికి!"

సుబ్బరాయుడు పైనున్న ఫ్యానును శ్రద్ధగా చూస్తున్నాడు. శ్రావణి టీవీని వదిలి వెనక గది గుమ్మం వైపు చూస్తోంది. గుమ్మంలో పిండి తొట్టి పట్టుకుని లావణ్య నిలబడి ఉంది.

"చెప్తే ఇంటదా అత్తమ్మా?"

"ఎందుకు ఇనది? మంచిగ చెప్తే ఇంటది."

"ఎట్ల చెప్పాల్నని మూడేండ్ల సంది సోంచాయిస్తున్న" అని లావణ్య తొట్టి దించి, కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సీతాబాయి చేతిలోని గరిటె కింద పెట్టేసింది. తను కాపురానికొచ్చిన మూడో రోజున అత్త గరిటె చేతిలో పెట్టి, "బోణీ చెయ్యి పిల్లా" అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు బోణీ తర్వాత ఇంకొక్క గిరాకీ రాక పిండంతా పులిసిపోయింది. అయినా అత్త మర్నాడు మళ్ళీ గరిటె తన చేతికే ఇచ్చింది. ఇన్నేళ్ళూ ఆ మాట ఎలా మరిచిపోయిందో, సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. టీవీ కట్టేసింది. "ఆంటీ, ఇంకా ఐపోలే!" అని శ్రావణి అరిచినా వినలేదు.

మర్నాడు ఆరింటికి లావణ్య వచ్చేసరికి షట్టరెత్తి ఉంది, అగరొత్తి వెలుగుతోంది, గరిటె పిండి గిన్నెలో ఉంది. అత్త మాత్రం గల్లా దగ్గర లేదు. ఎటు పోయిందోనని చూస్తే బయట, గిరాకీలు నిలబడే మెట్టు మీద ఉంది. ఎడమ చేతిలో స్టీలు గిన్నె.

"ఏంది అత్తమ్మా, ఆడ నిలవడ్డవ్?"

"ఇడ్లీ పిండి, అరకిలో. బోణీ బేరం, జల్ది పొయ్యి."

లావణ్య చెయ్యి గరిటె దాకా వెళ్ళి ఆగింది. "నా చేతితోనా?"

"బోణీకి చేతులు రెండుంటయి బిడ్డా. ఇచ్చే చెయ్యొకటి, తీసుకునే చెయ్యొకటి. ఇయ్యాల గిరాకీ రాకుంటే తీసుకున్న చెయ్యి మంచిగ లేదనుకో. మోటర్ కాలినా నా మీదనే ఎయ్యి."

లావణ్య పిండి పోసింది. రెండు చుక్కలు కింద పడ్డాయి. సీతాబాయి కొంగుముడి విప్పి నోటు ఇచ్చింది. దాన్ని కళ్ళకద్దుకుంటూ లావణ్య చాలాసేపు చేతులు దించలేదు.

"కొసరేది?" అంది సీతాబాయి గిన్నె లోపలికి చూస్తూ.

లావణ్యకు ఏడుపులో నవ్వొచ్చింది. ఇంకో గరిటె పోసి, "రేపే గాదు, ఒకటో తారీఖు దాటినంక గూడ గిదే టైంకు రా అత్తమ్మా, గిరాకీ తప్పొద్దు" అంది.

పాల ప్యాకెట్టు పట్టుకుని అటే వస్తున్న సుబ్బరాయుడు ఆగి, లోపలున్న కోడలినీ బయటున్న అత్తనూ మార్చి మార్చి చూశాడు. "ఏమ్మా, జాడీ మూత తీసినారా?"

"తీసినం సారూ" అంది సీతాబాయి. "లైన్ల నిలవడుండ్రి, నా ఎనక."