సీరియల్ హిందీతో డీజిల్ ఫిల్టర్

ఆ రోజు మా ఆయన మేనకోడలి పెళ్లి చీరలు కొనడానికి వాళ్లక్కతో కలిసి చీరాల వెళ్లాడు. పత్తి చేలో కలుపు పోయేలా గుంటక తోలే పని నాకు వదిలాడు. సాళ్ల మధ్య పట్టే చిన్న ట్రాక్టర్ కొన్న ఏడాదే నేను దాన్ని నడపడం నేర్చుకున్నాను. ఆయన కంటే నేనే తిన్నగా తోలుతానని ఊళ్లో అంటారు. ఆయన మాత్రం ఎప్పుడూ అనలేదు.

సగం చేను అయ్యేసరికి ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. ఊరికే ఉంచితే ఆడుతోంది, గుంటక నేలలోకి దించగానే ఆగిపోతోంది. పడమట మబ్బు నల్లబడుతోంది. వాన పడిందంటే మా రేగడిలో మళ్లీ ఎన్నాళ్లకు అడుగు పెడతామో తెలియదు. చేను ఊరి పక్కనే కాబట్టి ఎలాగో ఇంటిదాకా నడిపించుకొచ్చి ఆయనకు ఫోన్ చేశాను.

"డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయుంటది. కొత్తది సీటు కింద ఉంది. నువ్వు ముట్టుకోమాక, నేనొచ్చి మారుస్తా" అన్నాడు.

మెకానిక్ ఫోన్ ఎత్తలేదు. చివరికి నేనే ఫోన్‌లో వీడియోలు వెతికాను. అచ్చం మా బండిలాంటిదే ఒకటి కనబడింది. కానీ చెప్పేవాడు హిందీలో చెబుతున్నాడు. అప్పుడు గోడవతలి అక్క గుర్తొచ్చింది. వాళ్లు ముస్లింలు, అక్కకు ఉర్దూ వచ్చే ఉంటుందని పిలిచాను.

"మాకు ఉర్దూ ఎక్కడొచ్చు? మా జేజి కాలం నుంచీ ఇంట్లో తెలుగేగా" అంది అక్క. నా మొహం చూసి, కుట్టుమిషన్ మీది జాకెట్టు పక్కన పెట్టి లేచింది. "అయినా హిందీ సీరియళ్లు చూస్తానుగా. ఏడుపులు, తిట్లు, పెళ్లిమాటలు అన్నీ తెలుసు. పద."

ట్రాక్టర్ పక్కన పీట వేసుకుని ఫోన్ చేత్తో పట్టుకుంది. నేను ట్యాంకు కుళాయి కట్టేసి, పానా పెట్టి పాత ఫిల్టర్ తీశాను. అది కాటుకలా ఉంది. దాని కింది కప్పు అడుగున నీళ్లు, మడ్డి. అంతా తుడిచి, కొత్త ఫిల్టర్ రబ్బరు చుట్టుకు డీజిల్ రాసి బిగించాను. ఇవన్నీ బొమ్మ చూస్తేనే తెలిశాయి. కుళాయి తిప్పి స్టార్ట్ చేశాను. ఇంజను ఒకసారి గుర్రుమని ఊరుకుంది.

"హవా అంటున్నాడు. గాలి" అంది అక్క. "లోపల గాలి పట్టిందంట. ఏదో పేచ్ అంటున్నాడు."

"పేచ్ అంటే?"

"ఏమో. సీరియల్లో ఎవరూ పేచ్ అనలేదు." వీడియో వెనక్కి జరిపి మళ్లీ విన్నది. "ఢీలా కరో అంటున్నాడే. డీలా చెయ్యమనేమో."

వీడియోలో వాడి వేలు ఫిల్టర్ తలమీది చిన్న స్క్రూను చూపిస్తోంది. అదే పేచ్ అన్నమాట. దాన్ని కాస్త వదులు చేసి, పక్కనున్న చిన్న పంపును నొక్కుతూ పోయాను. బుసబుసమని నురగ వచ్చింది.

"ఇంకా నొక్కు. వీడియోలో వాడు ఆపలేదు" అంది అక్క.

కాసేపటికి బుడగలు ఆగి, డీజిల్ సన్నని దారగా వచ్చింది. అది ఎగిరి అక్క కొత్త చీరకుచ్చిళ్ల మీద పడింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టాం. నవ్వుతూనే స్క్రూ బిగించాను. తాళం తిప్పితే ఇంజను ముందు గొణిగి, తర్వాత గట్టిగా అందుకుంది. అక్క నా భుజం పట్టుకుని ఊపేసింది. చదువుకునే రోజుల్లో పరీక్ష పాసైనప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

మిగతా సగం తోలి, చేలోంచి బయటికొచ్చి డొంకదారి ఎక్కానో లేదో చినుకులు మొదలయ్యాయి. తడుస్తూనే ఇంటికొచ్చాను.

ఆయన చీరల మూటలతో ఆటో దిగి, వాకిట్లో ఉన్న పాత ఫిల్టర్ చూశాడు. పానా తీసుకుని ట్రాక్టర్ చుట్టూ తిరిగి, నేను బిగించినవన్నీ ఇంకాస్త బిగించబోయాడు. ఒక్కటీ కదల్లేదు.

"ఎవరొచ్చారు?" అన్నాడు.

"ఎవరూ రాలేదు. నేనూ, అక్కా."

"అక్కకేం తెలుసు?"

గోడవతల నుంచి జవాబొచ్చింది. "హిందీ తెలుసు తమ్ముడూ. ఇంకా నీ చీరలు చూపించవేం?"

ఆయన నవ్వేసి, మూట విప్పమని నాకందించాడు. నా చేతులకింకా డీజిల్ వాసన పోలేదు. అక్కనే వచ్చి విప్పమన్నాను.