నాయిన చెప్పిన ఒక్క అబద్ధం

మొన్న తెల్లాపూర్‌లో మా అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంటు గేటు దగ్గర, నెరిసిన మీసాల వాచ్‌మన్ ఒకాయన మడమలు కలిపి నాకు సెల్యూట్ కొట్టేసరికి, ముప్పై ఏళ్ల కిందట పోయిన మా నాయిన ఎదురుగా నిలబడ్డట్టయి, లిఫ్టు వైపు పోకుండా అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను.

నాయిన మిలిటరీలో హవల్దారుగా చేసి, మా ఊరు లక్డారం తిరిగొచ్చాక, పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు కాపలాకు కుదిరాడు. సరిహద్దులో ఏం చూశాడో మాకెన్నడూ చెప్పలేదు గానీ, అక్కకూ నాకూ జడలు వేసింది, బూట్లకు పాలిష్ పెట్టినంత శ్రద్ధగా మా పుస్తకాలకు అట్టలు వేసింది ఆయనే. అబద్ధమాడామా, ఆ పూట అన్నం ఉండేది కాదు.

నేను పదో తరగతిలో ఉండగా, ఒక మధ్యాహ్నం ఆ ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. నాయిన తడిపిన గోనెసంచి కప్పుకుని రెండుసార్లు లోపలికెళ్లి ఇద్దరిని మోసుకొచ్చాడట. మూడోసారి పోబోతే, పైకప్పు కూలుతోందని నలుగురు పట్టి ఆపేశారు. రోజూ గేటు దగ్గర ఆయనతో చాయ్ తాగే ఒడిశా కార్మికుడొకడు లోపలే ఉండిపోయి, "హవల్దార్ సాబ్" అని పిలుస్తూనే ఉన్నాడట, గొంతు ఆగిపోయేదాకా.

వారం తర్వాత అతని భార్య, చంకలో ఆడపిల్లతో, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చివర్న తన భర్త ఎవరినైనా పిలిచాడా అని హిందీలో ఒక్కటే అడిగింది. నాయిన ఆ పసిపిల్లను చూసి, లేదు బేటీ, నిద్రలో పోయినట్టు పోయాడు, అన్నాడు. ఆమె వంగి పాదాలకు మొక్కబోతే నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగాడు.

ఆనాటి నుంచి అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపి తలెత్తేవాడు.

"పిలుస్తున్నడు, నీకు ఇనబడ్తలేదా?"

"ఎవ్వరు లేరు, జెర తినుండ్రి," అని అమ్మ బతిమాలేది.

పోయే ముందు రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ పిల్ల ఇగ పెద్దదై ఉంటది బిడ్డా. నేను అబద్ధం జెప్పిన. ఎన్నడన్న కలిస్తే నిజం నువ్వు జెప్పు," అన్నాడు. సరేనన్నాను. ఆ తల్లీబిడ్డలది ఏ ఊరో కూడా మేం అడగలేదు. ఎదురుపడ్డా చెప్పగలనో లేదో నాకీనాటికీ తెలియదు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీల తోవలో ప్రమాదం జరిగితే, టీవీలో ఎందరు పోయారో అంకె ఒక్కటే పరుగెడుతుంది, పేర్లుండవు. ఆ రోజుల్లో పోయినవాడి భార్యకు, అబద్ధమైనా సరే, ఎదురుగా నిలబడి జవాబు చెప్పే మనిషి ఒకడుండేవాడు. ఇప్పుడు ఆ ఆడవాళ్లు ఎవరి గడప తొక్కి అడగాలో.