ఎర్ర కోటుకి తగిన కెమెరా

చెల్లెలు వెళ్ళిపోతూ గోడమీది ఫొటోలన్నీ తీసుకుపోయింది. అడగలేదు. "నావేగా అక్కా" అంది. నిజమే, ఫొటోల్లో మొహం ఆమెదే. మొహం కింద ఉన్న కోట్లు మాత్రం అక్క, అంటే టైలరమ్మ, కుట్టినవి. వారం తిరక్కుండా అవే ఫొటోలు ఎదురుగా ఉన్న పెద్ద షాపు అద్దాల వెనక వెలిశాయి. చెల్లెలికి అక్కడే ఉద్యోగం. దారినపోయేవాళ్ళు ఆ కోట్లు అక్కడ కుట్టినవే అనుకున్నారు. అనుకోక ఏం చేస్తారు? కుట్టినవాళ్ళ మొహం కోటు మీద ఉండదు కదా.

టైలరమ్మ గొడవ పడలేదు. గొడవ పడాలన్నా ఎదుట ఇంకో మనిషి ఉండాలి. ఆమె గదిలో ఉన్నవి కిటికీ పక్కన మిషను, మధ్యలో ఇస్త్రీ బల్ల, మూలన కోట్లు తొడిగి చూసే తలలేని బొమ్మ, గోడమీద ఫొటోలు ఊడదీసిన చోట తెల్లటి మచ్చలు. వచ్చే కొద్దిమందీ ప్యాంటు అంచులు మడిపించుకుని, జిప్పులు మార్పించుకుని పోయేవారు. "మీరు కోట్లు కూడా కుడతారా?" అని ఒకామె అమాయకంగా అడిగినప్పుడు టైలరమ్మకి ఒళ్ళు మండింది. ఈ చలికాలం కూడా ఇలాగే గడిస్తే ఇక షట్టర్ దించుకోవడమే.

కోట్లు మళ్ళీ జనం కంటపడాలి. బొమ్మకి తొడిగితే కోటు చచ్చినట్టుంటుంది, మనిషి భుజం కావాలి. ఉన్న మనిషి తనొక్కతే. ఫోనుతో తీసుకుని చూసింది. భుజం వంకరగా, రంగు మసిగా వచ్చింది.

పాత కెమెరాలు బాగుచేసి అమ్మే అతన్ని వీధంతా డాక్టరనేది. ఆమె వెళ్ళి అడిగితే అతను బల్లమీద రెండు కెమెరాలు పెట్టాడు.

"రెండూ కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసినవే మేడమ్. రెండింటికీ రోగాలున్నాయి. దాచి అమ్మితే రేపు నా మెడకే చుట్టుకుంటుంది."

"చెప్పు బాబూ, వింటాను."

"ఈ పెద్దదానికి ఎరుపంటే పిచ్చి. ఎర్ర గుడ్డ కనబడితే చాలు, మంట పెట్టేస్తుంది. నేత పోతుంది, మడత పోతుంది. ఈ చిన్నది రంగు ఉన్నదున్నట్టు చూపిస్తుంది గానీ, దీనికి మతిమరుపు. టైమర్ పెడితే ఒక్క ఫొటో తీసి ఆ సంగతే మర్చిపోతుంది. ఇంకోటి కావాలంటే మళ్ళీ వచ్చి పెట్టుకోవాలి. పెద్దది అలా కాదు, ఒకసారి పెడితే వరసగా తీస్తుంది. అయినా టైమర్ ఎవరిక్కావాలి లెండి? ఇంట్లో ఎవరో ఒకరు నొక్కుతారు."

ఆమె సంచిలోంచి ఎర్ర ఉన్ని ముక్క తీసి బల్లమీద పరిచింది. "రెండింటితోనూ తియ్యి."

పెద్దదాంట్లో ముక్క రంగు ఒలికినట్టు వచ్చింది. చిన్నదాంట్లో పోగు పోగూ కనబడింది.

"అంటే దాని తంటా గుడ్డకి, దీని తంటా నాకు."

"అంతే మేడమ్."

ఆమె పెద్దదాని మీద చెయ్యి వేసింది. ఒక రంగు చూపించి ఇంకో రంగు కోటు కుట్టి ఇస్తే, వచ్చిన ఒక్కరూ మళ్ళీ గుమ్మం తొక్కరు. చెయ్యి తీసేసింది.

"నా తంటాయే ఇవ్వు."

డాక్టరుకి అప్పుడు అర్థమైంది. గొంతు తగ్గించాడు. "నొక్కేవాళ్ళెవరూ లేరా మేడమ్?"

"బొమ్మ ఉంది. దానికి చేతుల్లేవు."

సెలవు రోజున షట్టర్ సగం దించి, తను కుట్టిన ఎర్ర కోటు ముందుగా తొడుక్కుని పని మొదలుపెట్టింది. తను నిలబడాల్సిన చోట ముందు బొమ్మని నిలబెట్టి, దానిమీద ఫోకస్ కుదిర్చి, ఇక కదలకుండా బిగించింది. అలా చెయ్యకపోతే కెమెరా ఖాళీ గోడనే చూస్తుందని డాక్టరు చెప్పాడు. బొమ్మని పక్కకి జరిపి, దాని కాళ్ళ దగ్గర సుద్దతో గుర్తు గీసింది. బటన్ నొక్కాలి, ఇస్త్రీ బల్ల చుట్టూ తిరిగి రావాలి, గుర్తు మీద నిలబడాలి, కాలరు సర్దుకోవాలి. ఇదంతా పది సెకన్లలో. క్లిక్‌మనేది. కెమెరా మర్చిపోయేది. ఆమె మళ్ళీ వెళ్ళేది. సాయంత్రం దాకా ఆ గదిలో నోరు విప్పింది కెమెరా ఒక్కటే, అదీ బీప్ బీప్‌మని.

ఎర్ర కోటు ఫొటో కిటికీలో పెట్టింది. మిగతావి గోడమీది తెల్ల మచ్చల మీద అంటించింది. కొలతలు కలవక, మచ్చల అంచులు చుట్టూ కనబడుతూనే ఉన్నాయి. కొన్నాళ్ళకి ఒక బస్సు కండక్టరమ్మ కిటికీ దగ్గర ఆగి, లోపలికొచ్చి, "ఇదే కోటు, ఇదే ఎరుపు" అంది. ఆమె స్నేహితురాలొచ్చింది. తర్వాత ఇంకెవరో. షట్టర్ దించే మాట వెనక్కిపోయింది.

ఒక మధ్యాహ్నం చెల్లెలొచ్చింది. అక్కాచెల్లెళ్ళు కలుసుకోవడం అదే ఆఖరు. ఒంటిమీద పెద్ద షాపు కోటు, ఎడమ భుజం ఎగదన్నుతోంది.

"మా వాళ్ళ వల్ల కావట్లేదక్కా. కాస్త చూడవూ?"

మా వాళ్ళట. టైలరమ్మ ఆమెని సుద్ద గుర్తు మీద నిలబెట్టి, గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని భుజం కుట్లు విప్పడం మొదలుపెట్టింది. చెల్లెలు గోడవైపు చూస్తోంది.

"ఎవరు తీశారే ఇవి? ఎంత బాగున్నాయో."

టైలరమ్మ వేలితో తనని తాను చూపించుకుంది.

"నన్ను పిలవకపోయావా? వచ్చి నొక్కి పోయేదాన్నిగా." మళ్ళీ తనే అంది, "ఒక్కదాంట్లోనైనా నవ్వలేదేంటక్కా?"

టైలరమ్మ పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి, మణికట్టుకి కట్టుకున్న మెత్తలో గుచ్చింది.

"పది సెకన్లలో ఈ బల్ల చుట్టూ తిరిగొచ్చి నిలబడాలే. నవ్వడానికి టైమెక్కడిది?"